ఇప్పనూనె మరిగిన బాయిలర్

దుమ్ముగూడెం నుంచి భద్రాచలం వచ్చే దారిలో, అడవి అయిపోయిందా ఇంకా ఉందా అని రోడ్డుకే అనుమానం వచ్చే చోట, ఒక చింతపండు గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. చుట్టుపక్కల గూడేలవాళ్లు తెచ్చిన చింతపండును అక్కడ ఆవిరితో ఉడికించి, పిప్పి తీసేసి, గుజ్జును డబ్బాలకెత్తి ఖమ్మం పంపేవాళ్లు. లోకమంతా చింత వదిలితే చాలనుకుంటుంది. ఆ ఫ్యాక్టరీలో మాత్రం చింత తగ్గిన రోజే అందరికీ చింత.

ఆ ఆవిరి పుట్టించే బాయిలర్‌ను పదహారేళ్లుగా చూసుకుంటున్నవాడు అహ్మద్ పాషా. పక్క గూడెం మొత్తానికి అతను భాయి. భాయి చూసుకునేది గనుక అక్కడివాళ్లు దాన్ని ఒత్తు పెట్టి మరీ 'భాయిలర్' అనేవాళ్లు. పాషా పొద్దున్నే వచ్చి దాని పొట్ట తుడిచేవాడు, మీటరు అద్దం తుడిచేవాడు, ఆ తరువాత తీరిక ఉంటే తన ముఖం తుడుచుకునేవాడు. భార్య సకీనా వారానికొకసారైనా అడిగేది: "పెండ్లి నాతో అయిందా, దాంతో అయిందా?" పాషా జవాబు చెప్పేవాడు కాదు. ఇరవై ఏళ్ల కాపురంలో ఎక్కడ ఆవిరి వదలాలో, ఎక్కడ మూత బిగించాలో అతనికి తెలుసు.

రెండువేల ఎనిమిది వానాకాలం వచ్చేసరికి డీజిల్ ధర చెట్టెక్కి కూర్చుంది. డీజిల్ మండేది బాయిలర్‌లోనే అయినా మంట పుట్టేది మాత్రం యజమాని సతీష్ కడుపులో. సతీష్‌ది సత్తుపల్లి. తండ్రి తరువాత ఫ్యాక్టరీ చేతికొచ్చిన కుర్ర యజమాని. ఒకరోజు కారేపల్లి నుంచి పాత ఇనుము వ్యాపారి మంగీలాల్‌ను వెంటబెట్టుకొచ్చాడు. మంగీలాల్ బాయిలర్‌ను కొబ్బరికాయ కొనేవాడిలా వేలితో కొట్టి, చెవి పెట్టి విని, "మంచిగ మోగుతుంది. తుక్కు కింద తీసుకుంట" అన్నాడు. 

పాషాకు కాళ్ల కింద నేల ఆవిరైపోయింది.

"తుక్కా? సార్, గిది లేకుంటే ఫ్యాక్టరీ ఏంది?"

"గోడౌన్ భాయ్. చింతపండు ఇక్కడ కొని, ఖమ్మంలో ఉడికించుకుంటా. ఈ డీజిల్ నేను పోయలేను."

"డీజిల్ వద్దు సార్. అడవిల ఎంత నూనె లేదు? ఇప్పనూనె పోసి నడిపిస్త. ఇప్పుడే, ఇప్పనూనెతోనే!"

సతీష్ నవ్వాడు. తరువాత ఆలోచించాడు. యజమానులకు ఈ రెండూ ఆ వరుసలోనే వస్తాయి. 

"సరే. శనివారం మూడింటికి మంగీలాల్ లారీ వస్తుంది. అతని మనుషులు బోల్టుకు రెంచీ పెట్టేలోపు, అడవి నూనెతో ఈ ముల్లు ఏడు కిలోలు చూపించాలి. చూపిస్తే బాయిలర్ ఇక్కడే ఉంటుంది. లేకపోతే లారీ ఎక్కుతుంది. డీజిల్ మాత్రం ఒక్క చుక్క కూడా ఇవ్వను."

ఏడు కిలోలంటే ఆవిరి ఒత్తిడి. పుస్తకాల్లో దాన్ని పీడనం అంటారు. సతీష్ ఫోన్ చేసిన ప్రతిసారీ పాషా అనుభవించేది కూడా అదే.

శనివారం పొద్దున పక్క గూడెం నుంచి పోతయ్య అనే అతను నాలుగు క్యాన్ల ఇప్పనూనె తెచ్చాడు. గూడెం గానుగలో ఆ వారమే ఇప్పగింజలు ఆడి తీసిన కొత్త వంటనూనె. పంపింది జంపక్క. ఫ్యాక్టరీలో చింతగింజలు తీసే ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద. ఆమె తమ్ముడు పగిడయ్య గూడేనికి పెద్ద, ఫ్యాక్టరీకి వాచ్‌మన్. అంటే గూడెంలో అందరూ పగిడయ్య మాట వినాలి, పగిడయ్య జంపక్క మాట వినాలి. 

పాషా క్యాను మూత తీసి చూస్తే నూనె కదల్లేదు. వాన చలికి నెయ్యిలా పేరుకుని కూర్చుంది. ఇంత చిక్కటిది బర్నరు నోట్లోంచి చిమ్మాలంటే ముందు కాచాలి. బాయిలర్ దగ్గర నూనె కాచే గొట్టం ఉంది గానీ, అది పనిచేసేది ఆవిరితో. ఆవిరి కావాలంటే నూనె కాగాలి. నూనె కాగాలంటే ఆవిరి కావాలి. పాషా ఈ రెండింటి మధ్య కాసేపు తిరిగి, కళ్లు తిరిగి, కూర్చున్నాడు. 

ముందు అసలు ఈ నూనె మండుతుందా లేదా చూద్దామని ఒక ఇనప కడ్డీకి గుడ్డ చుట్టి, నూనెలో ముంచి, వెలిగించి, బాయిలర్ పొయ్యిలోపల నిలబెట్టాడు. కాగడా కాచడానికి పనికిరాదు గానీ బుద్ధిగా వెలిగింది. అగ్గిపెట్టెలో మిగిలిన పుల్లలు వానకు మెత్తబడిపోయాయి గనుక, దాన్ని ఆర్పకుండా మధ్యమధ్య గరిటెడు నూనె పోస్తూ ఉంచాడు.

అప్పటికి సకీనా వచ్చింది. పుట్టింటివాళ్లిచ్చిన దేగ్‌ను, అంటే బిర్యానీ వండే పెద్ద గుండిగను, ఆటోలో వేసుకుని వచ్చింది. "గింత మొగోడివి, నూనె కాచనీకి గింత సోంచాయిస్తవా? కట్టెలు పెట్టు!"

దేగ్ కింద కట్టెలు పెట్టారు, నూనె పోశారు. ఎంత కాగిందో ఎలా తెలియాలి? ఫ్యాక్టరీ థర్మామీటర్ నాలుగేళ్ల కిందట ఒకసారి నూట పది చూపించి, ఆ అంకె నచ్చి, అక్కడే స్థిరపడింది. 

"గదెందుకు? పిండి ఉంది కదా," అంది సకీనా. ఇంట్లో రుబ్బిన మినప్పిండి గిన్నెతో సహా తెచ్చుకుంది. బర్నరుకు నూనె ఓ మోస్తరుగా కాగితే చాలు. పిండి వేస్తే అడుగున కూర్చోవాలి. తేలి, పొంగి, గారె అయ్యిందంటే కాక మరీ ఎక్కువైనట్టు, చల్లార్చాలన్నట్టు. 

మొదటి ముద్ద వేశారు. అది చిటికెలో తేలి, పొంగి, ఎర్రబడి, గారె అయ్యింది.

"ఎక్కువైంది. కట్టెలు గుంజు," అన్నాడు పాషా. 

గారెను పారేయలేరు కదా. పోతయ్య తిన్నాడు. కళ్లు మూసుకుని మరీ తిన్నాడు. కాసేపాగి రెండో ముద్ద వేశారు. అదీ గారె అయ్యింది. ఆ వాసన ఫ్యాక్టరీ దాటి, చింతచెట్లు దాటి, గూడెం దాకా పోయింది. గింజలు తీసే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. 

"ఇంకోసారి చూడు భాయ్. ఇంకా కాక ఉన్నట్టే ఉంది," అందో ఆమె. 

"అవ్ భాయ్, నాకు గూడ అనుమానంగనే ఉంది," అంది ఇంకో ఆమె, చెయ్యి చాపుతూ. 

పాషా కట్టెలు గుంజుతూనే ఉన్నాడు. నూనె మాత్రం చల్లారడం లేదు. ఇరవై ముద్దలు వేస్తే ఇరవై గారెలు లేచాయి. చివరికి వంగి చూస్తే సంగతి తెలిసింది. తను ఈ పక్క నుంచి గుంజిన కట్టెను పోతయ్య ఆ పక్క నుంచి మళ్లీ తోస్తున్నాడు. 

"పోతయ్యా! ఏందిది?"

"పరీక్ష మంచిగ చెయ్యాలె కద భాయ్," అన్నాడు పోతయ్య నిండు నోటితో.

ఆ పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడు వాచ్‌మన్ పగిడయ్య. గేటు వదిలేసి వచ్చి ఏడు తిన్నాడు. 

మొత్తానికి పోతయ్యను దూరంగా పంపాక నూనె దారికొచ్చింది. పిండి ముద్ద అడుగున బుద్ధిగా కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాషా నూనెను పాత చున్నీతో వడగట్టి, బర్నరు ట్యాంకులో పోసి, పంపు తిప్పాడు. బర్నరు ఒకసారి దగ్గింది, రెండోసారి ఉమ్మింది, మూడోసారి పొయ్యిలో వెలుగుతున్న కాగడాను అందుకుని భగ్గుమంది. కాసేపటికి పొగగొట్టం నుంచి తెల్లటి పొగ లేచింది. పొగతో పాటు దానికి కొంచెం పొగరు కూడా వచ్చినట్టు కనిపించింది. పన్నెండయ్యేసరికి ముల్లు నాలుగు కిలోల మీద ఉంది. ఆవిరి రాగానే నూనె కాచే గొట్టం కూడా పని మొదలుపెట్టింది. ఇక నూనె ఉంటే చాలు.

ఆ నూనెతోనే జంపక్క వచ్చింది. వెనక ఇద్దరు ఆడవాళ్ల నెత్తిన మరో రెండు క్యాన్లు. గేటు దగ్గర వాచ్‌మన్ లేడు. లోపల ఉన్నాడు, చేతిలో ఎనిమిదో గారెతో. 

జంపక్క గారె వంక చూసింది, దేగ్ వంక చూసింది, ఖాళీ క్యాను వంక చూసింది.

"ఓరి పగిడీ! ఏ నూనెల గాల్చిన గారెరా అది?"

పగిడయ్య గారెను వీపు వెనక్కి పెట్టాడు. "అక్కా... అది డీజిల్ అనుకున్న."

"డీజిల్ల గాల్చిన గారెలు తింటవారా?"

పగిడయ్య నోట్లో ఉన్నది మింగలేదు, కక్కలేదు. ఆ గూడెంలో కొత్త పంట ఏదైనా 'కొత్త' పండుగ చెయ్యకుండా నోట్లో పెట్టరు. చిక్కుడుకాయైనా అంతే, ఇప్పనూనె అయినా అంతే. ముందు కొత్త నూనెతో దీపం పెట్టి, పోయిన పెద్దలను తలుచుకోవాలి. ఆ తరువాతే మనుషులు తినాలి. అందరూ తినేదాకా దీపం ఆరకూడదు. పండుగ ఇంకా తొమ్మిది రోజులుంది. యంత్రానికి నాలుక లేదు గనుక బాయిలర్ తాగితే తప్పు లేదని జంపక్క నూనె పంపింది. తీరా చూస్తే ఆ నూనెలో కాలిన గారెలను గూడెం పెద్దే పండుగకు ముందు లాగించాడు. 

"గూడేనికి పెద్దవు! కొత్త చెయ్యకముందే తిన్నోనికి ఆ ఏడు పండుగల పెద్దరికం ఉండదని నువ్వే చెప్తివి కదరా పోయినేడు!" అని, ఆడవాళ్లతో కోయ భాషలో ఏదో అంది. వాళ్లు క్యాన్లు మళ్లీ నెత్తికెత్తుకున్నారు. "భాయ్, నీ మీద కోపం లేదు. పండుగ చెడింది. పెద్దలు కూసోని మళ్ల దినం పెట్టేదాక చుక్క నూనె ఊరు దాటది."

"అక్కా, అది ఎన్నడు తేలాలె?" పాషా క్యాన్లకు అడ్డం నిలబడ్డాడు. "మూడింటికి లారీ వస్తుంది! ట్యాంకుల ఉన్న నూనె అరగంటకు గూడ రాదు. భాయిలర్ ఆరిపోతే గీ జన్మల మళ్ల వెలగది!"

వెళ్లబోయిన జంపక్క ఆగింది. "ఎప్పుడు వెలిగించినవ్?"

"పొద్దుగాల. గుడ్డ సుట్టి నూనెల ముంచి పొయ్యిల పెట్టిన."

"గారెలకు ముందా, వెనకనా?"

"ముందే. దేగ్ ఇంకా ఆటోలనే ఉండె."

"నడుమ ఆరిందా?"

"లేదక్కా. అగ్గిపెట్టె తడిసింది, అందుకే ఆరనియ్యలే. బర్నరు అంటుకున్నది గూడ దాంతోనే. అదే మంట ఇప్పుడు లోపల మండుతుంది."

జంపక్క కింద కూర్చుంది. ఆమె కూర్చుంటే విచారణ మొదలైనట్టే. 

"వెలిగించేటప్పుడు ఏమన్నవ్?"

"బిస్మిల్లా అన్న."

"ఎవలనన్న తలుసుకున్నవా?"

పాషా కాస్త సిగ్గుపడ్డాడు. "మా ఉస్తాద్‌ను తలుసుకున్న. నాకు బాయిలర్ పని నేర్పినాయన. ఇజ్జత్ కాపాడు ఉస్తాద్ అనుకున్న."

"ఉన్నడా ఆయన?"

"పోయి పదేండ్లైంది."

జంపక్క తమ్ముడి వంక తిరిగింది. "కొత్త నూనెతోని దీపం పెట్టిండు. పోయిన పెద్దను తలుసుకున్నడు. ఆ తర్వాతనే మీరు మింగిర్రు. వరుస తప్పలే. కొత్త పండుగ ఇయ్యాలనే మొదలైంది. మనకే తెల్వదు."

పగిడయ్య ఎనిమిదో గారెను వీపు వెనక నుంచి ముందుకు తెచ్చాడు. పెద్దరికం, గారె రెండూ దక్కినవాడి ముఖం ఎలా ఉంటుందో అప్పుడే చూడాలి.

"నవ్వకురా! మొదలైతే చాలదు, పూర్తి గావాలె. గూడెంల అందరు తినేదాక గీ దీపం ఆరొద్దు. ఉరుకు, ఇంటింటికి చెప్పు!"

దీపమంటే ప్రమిదెడు కాదు, లారీకి సరిపడేంత ఉంది. అయినా ఆచారానికి సైజు లేదు. ఆడవాళ్ల నెత్తిన ఉన్న రెండు క్యాన్లు ముందు ట్యాంకులోకి దిగాయి. ఒంటిగంటకల్లా గూడెం గూడెమంతా నూనె పట్టుకుని వచ్చింది. బిందెలతో, సీసాలతో, ఒక ముసలమ్మ అయితే టీ గ్లాసుతో. సగం నూనె బాయిలర్‌కు, సగం దేగ్‌కు. సకీనా గారెలు వేస్తూనే ఉంది. ఇంటింటి మినప్పప్పు రోళ్లలో నలిగి వస్తూనే ఉంది. పాషా ఒక్కో పాత్రలో నూనె వడగట్టి పోస్తున్నాడు. కొన్నిళ్ల నూనె తేరినది, కొన్నిళ్లది మడ్డిది. మడ్డి బర్నరు నోటికి అడ్డం పడుతుంటే ముల్లు ముక్కుతూ మూలుగుతూ పైకెక్కుతోంది.

మూడింటికి లారీ వచ్చింది. లారీలో మంగీలాల్, నలుగురు మనుషులు, నాలుగు రెంచీలు. వెనక కారులో సతీష్. గేటు లోపల జాతర చూసి ఇద్దరికీ తికమకైంది. సతీష్ తిన్నగా మీటరు దగ్గరికి వెళ్లాడు. ముల్లు అయిదున్నర మీద ఉంది. 

"ఏడు అనుకున్నాం భాయ్. బాగానే కష్టపడ్డారు, కాదనను. ఇక మంట ఆపెయ్యి. చల్లారగానే విప్పుతారు."

పగిడయ్య ముందుకొచ్చాడు. ఇప్పుడతనికి పెద్దరికం గట్టిగా ఉంది. 

"ఆర్పొద్దు సార్. గది మా కొత్త దీపం. అందరు తినేదాక ఆర్పొద్దు. ఆర్పినోనికి మా గూడెపోళ్లు చింతపండు అమ్మరు. సుట్టుపక్కల గూడేలోళ్లు గూడ అమ్మరు."

సతీష్ లెక్కలు చదువుకున్నవాడు. చింతపండు లేని గోడౌన్‌లో దాచుకోవడానికి చింత ఒక్కటే మిగులుతుంది. "సరే, ఎవరు తినలేదు? తినెయ్యమనండి జల్దీ."

"మీరే తినలే," అంది జంపక్క. 

సతీష్ ఒకటి గబగబా కుక్కుకున్నాడు. మంగీలాల్ మొహమాటపడుతూ మొదలుపెట్టి తొమ్మిది తిన్నాడు. అతని మనుషులు రెంచీలు కింద పెట్టి, రెండు చేతులా తిన్నారు. 

"ఇంకెవరు?"

"నేనొక్కదాన్నే," అంది జంపక్క, విస్తరాకులో ఒకే ఒక గారె పెట్టుకుని. "ఆకలి గాలే బిడ్డా. పొద్దున తాగిన జావ ఇంకా అరగలే."

మీటరు దగ్గరి నుంచి పోతయ్య అరిచాడు: "ఆరు!"

జంపక్క గారె నోటి దాకా తెచ్చి దించేసింది. "సల్లబడ్డది. వేడిది తే సకీనా."

వేడిది వచ్చింది. "గింత వేడా? నోరు గాలదా?" అని పక్కన పెట్టింది. 

లోపల పాషా మంట ఆరనివ్వకుండా బర్నరు జల్లెడ మార్చి, మడ్డి గీకి, మళ్లీ బిగించాడు. 

"ఆరుంపావు!"

"అక్కా, నీ కాళ్లు మొక్కుత, తిను," అన్నాడు మంగీలాల్. "నా లారీ కిరాయికి తెచ్చిన లారీ."

"లారీ డ్రైవర్ తిన్నడా?"

డ్రైవర్ నిద్రపోతున్నాడు. లేపి, తినిపించి, నీళ్లు తాగించేసరికి పది నిమిషాలు పట్టింది. 

"ఆరున్నర!"

జంపక్క గారె తుంచి, ముక్కను ఎగాదిగా చూసింది. "దీంట్ల ఉల్లిగడ్డ వేసినవా సకీనా? ఇయ్యాల శనివారం. శనివారం నేను ఉల్లిగడ్డ తిననని మొక్కుకున్న."

"ఎప్పుడు మొక్కుకున్నవే అక్కా?" అన్నాడు పగిడయ్య, పాపం, నిజంగానే తెలియక. 

"గిప్పుడే మొక్కుకున్న. నోర్మూసుకో."

ఉల్లిపాయ లేని పిండి రుబ్బడానికి ఒకామె రోలు దగ్గరికి పోయింది. ఆమె నడక చూస్తే రోలు హైదరాబాద్‌లో ఉందేమో అనిపించింది. సతీష్ గడియారం చూసుకున్నాడు, ఆకాశం చూశాడు, జంపక్కను చూశాడు. ఆమె కూడా అతన్ని చూసి చల్లగా నవ్వింది. 

"ఏడు!" పోతయ్య కేక గొంతు చీలి రెండు కేకలైంది. 

సతీష్ పరుగున వెళ్లి మీటరు అద్దాన్ని వేలితో కొట్టాడు. ముల్లు ఏడు మీదే ఉంది. "ఇది పాతది భాయ్. నిజం చెబుతోందని నమ్మకమేంటి?"

అతను ఆ మాట అంటుండగానే బాయిలర్ నెత్తిన ఉన్న సేఫ్టీ వాల్వు తెరుచుకుంది. ఆవిరి ఏడు కిలోలు దాటితే తనంతట తానే లేచి వదిలేసే మూత అది. ఫ్యాక్టరీ కప్పు అదిరేలా ఈల వేసింది. తెల్లటి ఆవిరి మేఘంలా కమ్మేసింది. మంగీలాల్ లారీ కిందికి దూరాడు. అతని మనుషులు అడవిలోకి దూరారు. సతీష్ పాషా వెనక్కి దూరాడు. కదలనిది జంపక్క ఒక్కతే. ఆ మేఘంలో కూర్చుని, ఉల్లిగడ్డ ఉన్న గారెనే తీరిగ్గా తింది. 

ఈల ఆగింది. సతీష్ నెమ్మదిగా బయటికొచ్చాడు. "సరే భాయ్," అన్నాడు చెవులు రుద్దుకుంటూ. "ఉంచు. ఏడు చూపించావు. ఇప్పుడు నా చెవులు కూడా ఏడే చూపిస్తున్నాయి." తరువాత లారీ కిందికి వంగి, "మంగీలాల్, బయటికి రా. ఖాళీ లారీతో ఏం పోతావు, గుజ్జు డబ్బాలు ఎక్కించుకుని ఖమ్మంలో దించు" అన్నాడు.

జనం నవ్వుకుంటూ కదిలారు. పాషా బర్నరు నూనె వాల్వు మీద చెయ్యేసి జంపక్క వైపు చూశాడు. "తిన్నవా అక్కా? ఇంక ఆర్పనా?"

"నువ్వు తిన్నవా?"

పాషా ఆలోచించాడు. పొద్దున్నుంచి టీ కూడా తాగలేదు. 

సకీనా అతని చేతిలో గారె పెట్టింది. అతను దాన్ని పట్టుకుని పొయ్యి కిటికీలోంచి మంట వంక చూస్తూ నిలబడ్డాడు. పచ్చటి మంట నిండుగా మండుతోంది. 

"ఆకలి లేదు సకీనా," అన్నాడు. "ఇంకో గంట మండనియ్యి."